మూడు కాపుల గుత్త

ఇట్లా రా రశ్మీ, దగ్గరికి జరుగు. ఆ ఫోను పక్కన పెట్టు. నాకు చెవి మందమైంది గానీ గొంతు ఇంకా గట్టిగానే ఉంది. అయినా ఇది వీధికంతా వినపడేలా చెప్పే సంగతి కాదు. అంచెట్టి నుంచి ఇన్ని బస్సులు మారి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా ఒక్కటే మాట అడిగావు. పన్నెండో తరగతి అయిపోయింది, పాలిటెక్నిక్‌లో చేరాలా, మీ ఊరికి వచ్చే కంపెనీ వ్యానెక్కి పనికి పోవాలా అని. మీ అమ్మ ఒకటి అంటోందట, మీ నాయన ఇంకొకటి అంటున్నాడట. నేను చెప్తే వింటానన్నావు. చదువు గురించి చెప్పడానికి నాకేం తెలుసు తల్లీ, బ్యాంకులో ఇప్పటికీ వేలిముద్రే వేస్తాను. నాకు తెలిసింది పోయినేటి మామిడి కాలం. అది చెప్తాను. విన్న తర్వాత నీ బుద్ధికి ఏది తోస్తే అది చెయ్యి.

మన తోట నీకు తెలుసు. కల్లావి రోడ్డు పక్కనే ఉన్న తోతాపురి తోట. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో మీ తాత ఒట్టు మొక్కలు, అంటుకట్టినవి, తెచ్చి నాటాడు. గుంతలు తవ్వింది ఆయన, బిందెలతో నీళ్లు మోసింది నేను. మా మంజునాథ్ పుట్టేనాటికి అవి నా భుజం ఎత్తు ఉన్నాయి. ఆ తోట మీదే మీ అమ్మ పెళ్లి అయింది, మంజునాథ్ పెళ్లి అయింది. చివరికి మంజునాథ్ కూతురు, మీ మోనిషా అక్క, పాలిటెక్నిక్‌లో చేరతానన్నప్పుడు కూడా మాకు కనిపించింది ఆ తోటే.

ఆ రోజు అరుగు మీద జరిగిన లెక్క నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. పక్కింటి మారక్క కూతురు నళిని మోనిషా కంటే రెండేళ్లు పెద్దది. ప్లస్ టూ ముగించుకొని అదే నెలలో హోసూరు కంపెనీ బస్సెక్కింది. మరుసటి నెల నుంచే సంబళం, చేతికి జీతం. మోనిషా అయితే పదో తరగతి మీద మూడేళ్లు మెకానికల్ డిప్లొమా చదవాలి. అంతకాలం ఫీజు, హాస్టలు, బస్సు ఖర్చు. పైగా అంతకాలం ఇంట్లోకి ఒక్క రూపాయి రాదు. మంజునాథ్ ఇవన్నీ ఒకటొకటిగా చెప్పి, డిప్లొమా ఉంటే సూపర్‌వైజరుగా తీసుకుంటారు, నళిని ఎన్నేళ్లు చేసినా ఆ కుర్చీలో కూర్చోలేదు అన్నాడు. మీ తాత అంతా విన్నాడు. ఆకు నమిలి ఉమ్మేసి, తనకు తెలిసిన పద్ధతిలో తీర్పు చెప్పాడు.

"ఒట్టు మొక్క నాటిన రెండో ఏడే పూత పడతాది. ఆశపడి నిలుపుకుంటే మాను ఎదగదు. ఆ పూత గిల్లి పారేయాల. మారక్క ఇంట్లో పూత నిలుపుకున్నారు. మనం గిల్లేద్దాం."

మాకందరికీ అది సబబుగానే తోచింది. మామిడి చెట్టు పెంచిన ఇంట్లో అంతకంటే నిండైన మాట ఏముంటుంది చెప్పు?

కల్లావి సంతలో కాయల వ్యాపారం చేసే అశ్వత్థప్ప తోటను మూడు కాపులకి గుత్తకి తీసుకున్నాడు. డబ్బంతా ముందే ఇచ్చాడు. అది అట్లాగే పోయి మోనిషా చదువులో పడింది. గుత్త అంటే నీకు తెలుసు కదా. చెట్లు మనవి, కాయలు ఆయనవి. పూత నుంచి కోత దాకా మందులు, కాపలా, కూలీలు అన్నీ ఆయనే చూసుకుంటాడు. మన వంశంలో దాని మీద ఇంకొక కట్టుబాటు ఉంది. గుత్తకిచ్చిన తోటలో ఇంటివాళ్ల కాలు పడకూడదు. ఒక కాయ రాలినా మనమే ఏరుకున్నామని గుత్తదారుకు అనుమానం వస్తుంది. మీ తాత నాయన పాటించాడు, మీ తాత పాటించాడు. రాగి చేనికి పోవడానికి తోటలోంచి అడ్డదారి ఉన్నా, మూడేళ్లూ మేము రోడ్డంతా చుట్టి పోయాం. పండు తినాలనిపిస్తే నేను సంతలో కొనుక్కొచ్చాను. పండ్లమ్మి నన్ను చూసి నవ్వేది. తోట పెట్టుకొని కొనుక్కు తినే అవ్వను నిన్నే చూస్తున్నాను అనేది. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. మర్యాద గల ఇల్లని నాకు లోపల గర్వంగానే ఉండేది.

మూడో ఏడు వచ్చింది. ఇక్కడి నుంచి విను.

అట్లాంటి పూత నేను పుట్టి చూడలేదు. రోడ్డు మీద నిలబడి చూస్తే ఆకు కనిపించలేదు, అంతా పూతే. బస్సులో పోయేవాళ్లు కిటికీలోంచి తల బయటపెట్టి చూసేవారు. ముందు రెండేళ్లూ బాగానే కాశాయి. మామిడి అట్లా వరసగా కాయదు, ఒక ఏడు కాస్తే ఒక ఏడు పడుకుంటుంది. అది తెలిసి కూడా మాకు అనుమానం రాలేదు. మీ తాత కంచె అవతల నిలబడి, బిడ్డ చదువు అయిపోయే ఏడని చెట్లకి కూడా తెలిసిపోయింది అన్నాడు. కంచె మీద చెయ్యి వేశాడే గానీ లోపలికి అడుగు వేయలేదు.

పిందె నిలిచే రోజుల్లోనే మోనిషా ఒక శనివారం కృష్ణగిరి హాస్టలు నుంచి వచ్చింది. సంచి కింద పెట్టకముందే చెప్పేసింది. హోసూరు నుంచి పెద్ద కంపెనీ వాళ్లు కాలేజీకే వచ్చారట, చాలామందిని కూర్చోబెట్టి అడిగారట, దాని చేతికి ఒక ఇనుప ముక్క ఇచ్చి కొలవమన్నారట. ఇది కొలిచి, ఇది మీ డ్రాయింగులో ఉన్నట్టు లేదు, వెంట్రుకంత తేడా ఉంది అన్నదట. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని, దీని పేరు రాసుకున్నారట. అది చెప్తుంటే మీ తాత నోరు తెరుచుకొని విన్నాడు. ఇనుములో వెంట్రుకంత తేడా చూసే కళ్లు మన ఇంట్లో పుట్టాయి అని ఊళ్లో ప్రతి గడపకీ పోయి చెప్పొచ్చాడు. మీ అత్త పాయసం చేసింది. మారక్క ఇంటికి గిన్నెతో పంపితే, ఆమె గిన్నె తిరిగిస్తూ గోడ మీదుగా అడిగింది.

"యాడ వేస్తారంట అక్కా, ఆఫీసులోనా, లోపలనా?"

"ఇంజనీర్ల పక్కన వేస్తారు" అన్నాను. నాకేం తెలుసు? నోటికి వచ్చింది.

"సరే. మా పిల్ల కూడా ఆ కంపెనీలోనే కదా ఉండేది. కనపడితే మాట్లాడమను, చదువుకున్నామని మొగం తిప్పుకోవద్దను."

మాట తీపిగానే ఉంది, లోపల ముల్లుంది. నేను కూడా ఊరుకోలేదు. మోనిషా సూపర్‌వైజరు అయితే నళినికి పగటి షిఫ్టు వేయిస్తుందిలే అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా నోరు నాకే చేదుగా ఉంటుంది.

వేసవి ముదిరింది. తోటలో కాయలు కోసే దోటీలు లేచాయి, గంపలు దిగాయి, గుజ్జు ఫ్యాక్టరీకి పోయే లారీలు మన గుమ్మం ముందు నుంచే పోయాయి. అశ్వత్థప్ప ముఖం వెలిగిపోయింది. పరీక్షలు రాసి, ఫలితాలు వచ్చి, మోనిషా కొత్త బూట్లు కొనుక్కొని హోసూరులో పనికి చేరింది. నలుగురు ఆడపిల్లలతో కలిసి ఒక గదిలో ఉంది. ఫోన్లో ఏమడిగినా బాగుందవ్వా అనేది. అంతే. ఎప్పుడూ నోరు మూయని పిల్ల, ఒక్క మాటతో ఆపేస్తుంటే నేను పని అలసటనుకున్నాను.

కోత అయిపోయాక గుత్తదారు తోటను తిరిగి అప్పగించాలి. మన వైపు దానికొక పద్ధతి ఉంది. మొదటి చెట్టు కింద ఒక గంప పండ్లు, ఆకు వక్క, టెంకాయ పెట్టి, ఇంటివాళ్లను లోపలికి పిలుస్తాడు. అప్పుడు మనం కాలు పెడతాం. అశ్వత్థప్ప కబురు పెడితే మీ తాత ఉతికిన పంచె కట్టుకున్నాడు. నేను పసుపు కుంకుమ పళ్లెంలో పెట్టుకున్నాను. మంజునాథ్ కూడా వచ్చాడు. మూడేళ్ల తర్వాత నా చెట్ల దగ్గరికి పోతున్నానని, పుట్టింటికి పోయినట్టు పోయాను తల్లీ.

వాన పడి పది దినాలైంది. కోత తర్వాత వాన తగిలితే మామిడి చిగురు రాగి రంగులో తళతళలాడాలి. ఒక్క చిగురు లేదు. కొమ్మల చివర ఆకులు ఎదగక, పిడికిలి బిగించినట్టు ముద్దగా ఉన్నాయి. కొన్ని కొమ్మలు పై నుంచి ఎండుకొస్తున్నాయి. బెరడు పగిలి జిగురు కారింది. నేను బిందెలతో నీళ్లు పోసిన చెట్టు, బాలింత పథ్యం లేక పీక్కుపోయినట్టుంది. ప్రతి చెట్టు మొదట్లో గుండ్రంగా తవ్వి పూడ్చిన గుర్తు. మీ తాత పంచె మాసిపోతుందని కూడా చూడకుండా కూర్చొని, ఆ మట్టి తీసి వాసన చూశాడు.

"ఏం పోసినావు అశ్వత్థప్పా?"

"అందురూ పోసేదే అన్నా. పూత మందు. పోయకపోతే వరసగా మూడేండ్లు కాస్తాయా చెట్లు? మూడు కాపులకి నేను దుడ్డు కట్టినా కదా."

"చెట్లేం కావాల?"

"చెట్టు నాది కాదు కదన్నా. కాపు నాది."

ఆయన వెక్కిరించలేదు. ఉన్నమాట చెప్పాడు. సంతలో వ్యాపారం చేసేవాళ్లు ఉన్నది ఉన్నట్టు ఎట్లా చెప్తారో అట్లాగే చెప్పాడు. మంజునాథ్ ఆయన మీదికి పోబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. అశ్వత్థప్ప మీ తాత వైపే తిరిగి ఇంకొక మాట అన్నాడు.

"దొంగతనంగా పోయలేదన్నా. పట్టపగలే తవ్వి పోసినాము. ఒక్క దినం లోపలికి వచ్చి వద్దనింటే నిలిపేసి ఉందును. మీరు రాలేదు. సరే, ఒప్పుకున్నారనుకున్నా."

మర్యాద కోసమే రాలేదని మీ తాత ఎట్లా చెప్తాడు? ఆకు వక్క తీసుకున్నాడు, టెంకాయ కొట్టాడు, మాట ప్రకారం అప్పగింత అయిపోయింది. పోతూ పోతూ అశ్వత్థప్ప, మందు ఇంకాస్త ఎక్కువ పోస్తే ఇంకొక కాపు పిండుకోవచ్చు, ధర తగ్గించి ఇస్తే నేనే తీసుకుంటాను అని కూడా చెప్పి పోయాడు.

గంపలో పండ్లు మాత్రం బంగారంలా ఉన్నాయి. మన చెట్ల పండ్లు, మూడేళ్ల తర్వాత ఇంటికొచ్చిన పండ్లు. ఈ ఇంట్లో ఎవరూ ముట్టలేదు. నేను మంచివి ఏరి సంచిలో వేసుకొని, మోనిషాకి ఇచ్చి వస్తానని హోసూరు బస్సెక్కాను. తోడు వస్తానన్న మంజునాథ్‌ని వద్దన్నాను. నిజం చెప్పాలంటే పండ్లు ఒక వంక. ఒక తోటను చూడకుండా మోసపోయాం, రెండోదాన్నైనా కళ్లతో చూడాలని నాకు పట్టుకుంది.

బస్టాండులో దిగి, షేర్ ఆటోలో కంపెనీ గేటు దాకా పోయాను. ఎంత గోడ అనుకున్నావు. గేటు దగ్గర నీలం చొక్కా కాపలాదారు కుర్చీ వేసుకొని ఉన్నాడు. మన తెలుగువాడే. నా మనవరాలు లోపల పని చేస్తోంది, ఎట్లా ఉందో దూరం నుంచి చూసి వచ్చేస్తానన్నాను.

"లోపలికి పోకూడదవ్వా. ఎవురినీ వదల్రు."

"నేనేం ముట్టుకోను నాయనా. వాకిట్లో నిలబడి చూస్తాను."

"మా అమ్మొచ్చినా ఈడనే నిలబడాల. షిఫ్టు వదిలేదాకా ఆ నీడన కూర్చో."

కూర్చున్నాను. నవ్వొచ్చింది నాకు. ఒక చోట వద్దనేవాళ్లు లేకపోయినా మర్యాదకి లోపలికి పోలేదు. ఇంకొక చోట పోతానని బతిమాలుకుంటే రానివ్వరు.

షిఫ్టు వదిలారు. వందలమంది పిల్లలు ఒకేసారి బయటికి వచ్చారు. అందరికీ ఒకటే రంగు చొక్కా, ఒకటే టోపీ. సూపర్‌వైజరెవరో, చీపురు పట్టేదెవరో నాకు తెలియలేదు. నేను ఎత్తుకొని పెంచిన పిల్ల ఆ గుంపులో ఎక్కడుందో నాకు ఆనవాలు చిక్కలేదు తల్లీ. ముఖాలన్నీ వెతుకుతూ నిలబడితే, నా ముందు నుంచి దాటిపోయిన ఒక టోపీ వెనక్కి తిరిగి అవ్వా అన్నది.

రోడ్డు దాటి బస్ స్టాపు బెంచీ మీద కూర్చున్నాం. పండు చేతికిస్తే తుడుచుకోకుండానే కొరికింది. రసం మోచేతి దాకా కారింది. మన తోటదేనా అంది. మన తోటదే అన్నాను. చెట్ల సంగతి చెప్పకూడదనుకొని వచ్చాను గానీ, నా ముఖం చూసి అదే అడిగి అంతా చెప్పించుకుంది. తర్వాత, నేను అడగకుండానే, తన సంగతి చెప్పింది.

ఆఫీసూ లేదు, ఇంజనీర్ల పక్కనా లేదు. లైనులో ఒక మిషను ముందు నిలబడాలి. ముక్క పెట్టడం, మీట నొక్కడం, ముక్క తీయడం. మిషను ఆగిపోతే ఎందుకు ఆగిందో దీనికి శబ్దంలోనే తెలిసిపోతుందట. కానీ చెయ్యి పెట్టకూడదు. ఎర్ర లైటు వేసి, చేతులు కట్టుకొని, బాగు చేసేవాళ్లు వచ్చేదాకా నిలబడాలి. ఒకసారి ఉండబట్టలేక మూత తీసిందట, చీవాట్లు పెట్టారట.

"మరి నళిని యాడుంది?" అన్నాను. "కనపడితే రెండు పండ్లు దానికీ ఇద్దామని తెచ్చినా."

"నళినిని నిలిపేసినారవ్వా, పోయిన వారమే. మూడేండ్లయినాక పెట్టుకోరంట. దాని మిషనే నాకిచ్చినారు. దాని చేతనే నాకు నేర్పించినారు. నేర్పించి, టోపీ ఇచ్చేసి పొయ్యింది."

"సంబళమన్నా దానికంటే బాగా ఇస్తారా?"

"కడపట దానికిచ్చినదానికంటే కొంచెం తక్కువే. నేను కొత్త కదా."

"ఎన్నాళ్లకి తీసుకున్నారు నిన్ను?"

అది పండు టెంకను సంచిలో వేసి, చెయ్యి దులుపుకుంది.

"మూడేండ్లు. ట్రైనీ అంటారు. ఆమీద చూస్తామన్నారు. నళినికీ అట్లే చెప్పినారంట." కొంచెం ఆగి, రోడ్డు వైపు చూస్తూ నవ్వింది. "గుత్తే అవ్వా."

నేను దగ్గరికి జరిగాను. కొంగుతో దాని మోచెయ్యి తుడిచాను. బస్సొచ్చింది, ఎక్కాను.

ఇంటికొచ్చి మీ తాతకి బాగుంది అని ఒక్క మాటే చెప్పాను, ఫోన్లో అది నాకు చెప్పినట్టే. ఆయన నమ్మలేదు, అడగనూ లేదు. మరుసటి రోజు మంజునాథ్‌ని తీసుకొని తోటలోకి పోయి, ఎండు కొమ్మలన్నీ కోయించి, చెట్లను మోడులు చేశాడు. నువ్వు వచ్చేటప్పుడు రోడ్డు మీంచి చూసే ఉంటావు. కొన్నింటికి చిగురొచ్చింది. కొన్నింటికి రాలేదు. వచ్చినవి ఎప్పుడు కాస్తాయో ఆయనకీ తెలియదు. అదే వారంలో మారక్క గోడ దగ్గర నిలబడి, మోనిషా ఎట్లుంది అక్కా అని అడిగింది. ముల్లు లేని గొంతుతో అడిగింది. నళిని ఎట్లుంది అని నేనడిగాను. పగటి షిఫ్టు మాట మా ఇద్దరికీ గుర్తే, ఇద్దరం ఎత్తలేదు. నళిని ఇప్పుడు కల్లావిలో బట్టల కొట్లో నిలబడుతోంది. మోనిషా ఆ మిషను దగ్గరే ఉంది. సెలవు దొరికి ఊరికొస్తే, చెప్పులు కూడా విడవకుండా ముందు తోటలోకి పోతుంది. ఒక్కొక్క మోడు చుట్టూ తిరిగి చూసి, అప్పుడు ఇంట్లోకి వస్తుంది.

ఇదే రశ్మీ ఆ మామిడి కాలం. చదువు దండగని నేను అనడం లేదు. వెంట్రుకంత తేడా పట్టే కళ్లు దానికి చదువే ఇచ్చింది, వాటిని ఎవరూ తీసుకోలేరు. వ్యానెక్కమనీ చెప్పడం లేదు. మారక్క ఇంట్లో నిలుపుకున్న పూత ఏమైందో, మా ఇంట్లో గిల్లిన పూత ఏమైందో రెండూ నీకు చెప్పాను. ఆ రోజు అరుగు మీద మేము పెట్టేదెంత, వచ్చేదెంత అని మాత్రమే లెక్క వేశాం. వాడుకున్న తర్వాత ఎట్లా తిరిగిస్తారు అని ఒక్కరం కూడా అడగలేదు. నువ్వు అడుగు. కాలేజీ వాళ్లనీ అడుగు, వ్యాను వాళ్లనీ అడుగు. నీకంటే ముందు పోయిన పిల్లలు ఇప్పుడెక్కడున్నారో వెతికి పట్టుకొని మరీ అడుగు.

నాకు రాయడం రాదు, నేను పోతే ఇది నాతోనే పోతుంది. అందుకే నువ్వు మనసులో పెట్టుకో. మీ అంచెట్టిలో పొద్దున్నే వ్యాను కోసం నిలబడే పిల్లలకి చెప్పు, రేపు నీ పిల్లలకి చెప్పు. గుత్తకిచ్చిన తోటైనా సరే, మధ్యలో లోపలికి పోయి చెట్టు మొదట్లో చూడమను. మర్యాద పోతుంది కదా అని ఎవరైనా అంటే, పోతే పోనీ, చెట్టు మిగులుతుంది అని మీ మునెమ్మవ్వ చెప్పిందని చెప్పు.